పైనున్న పన్నెండు మంది

తప్పులుంటే ముందే మన్నించండి. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై ఆరో ఏట, ఆయన పోయాక. ఒత్తులు ఇంకా పూర్తిగా నా మాట వినవు. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది. మీరు చదవడానికి అంత పట్టదులెండి.

ఆ మంగళవారం పొద్దున మొదటి భవనం సెక్రటరీ ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. తాడు లాగే పోటీకి పన్నెండు పేర్లు పది గంటల్లోగా రెండో భవనానికి పంపాలి. రెండు భవనాలకూ కలిపి ఉన్నది ఒక్కటే మైదానం. ఏటా తాడు ఎవరు లాగి గెలిస్తే ఆ ఏడాదంతా మైదానం వాళ్ళది. మూడేళ్ళుగా రెండో భవనమే గెలుస్తోంది. గెలిచి అక్కడ కార్లు నిలుపుకుంటోంది. మొదటి భవనం పిల్లలు మెట్ల మీద బంతి ఆడుతున్నారు. మెట్ల పక్క ఇళ్ళ తలుపులు ఎన్ని దెబ్బలు తిన్నాయో ఆ తలుపులకే తెలుసు.

"ఈసారి మైదానం తేకపోతే సెక్రటరీ పదవి వదిలేస్తా" అని అతను మీటింగులో అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మైదానానికి కొట్టారో, వదిలేయడానికి కొట్టారో అతనికి అర్థం కాలేదు.

అందుకే పట్టుబట్టి వారం రోజులు కూర్చుని, భవనంలోని నూట పద్దెనిమిది మందినీ కంప్యూటరు షీట్‌లోకి ఎక్కించాడు. ఇంటి నంబరు, పేరు, వయసు, ఫోను. బలాన్ని బట్టి వరుస పెట్టాడు. అందరికంటే పైన కండల బావ. జిమ్ నడిపే అతన్ని భవనమంతా అలాగే పిలుస్తుంది. ఇక పైనున్న పన్నెండు మందిని కాపీ చేసి పంపితే సరి.

పదికి అయిదు నిమిషాలు తక్కువ. కళ్ళద్దాలు లోపలి గదిలో ఉన్నాయి. వెళ్ళి తెచ్చుకునే తీరిక లేదు. అప్పుడే డాబా తాళంచెవి కోసం చిట్టి పిన్ని వచ్చింది. కొత్తగా చదువు వచ్చిన మనిషి, కంటబడిన అంకెనూ అక్షరాన్నీ చదవకుండా వదలదు. అతని భుజం మీదుగా తొంగిచూసి, షీట్ అంచున ఉన్న వరుస నంబర్లు చదివింది.

"అరవై మూడు, డెబ్బై, డెబ్బై నాలుగు, ఎనభై... ఇదేం వరుస నాయనా? ఒకటి ఎక్కడుంది?"

"కంప్యూటరు లెక్క వేరు పిన్నీ."

"దానికీ డెబ్బై తర్వాత డెబ్బై ఒకటేగా రావాలి?"

"నీకు తాళంచెవి కావాలా, లెక్కలు కావాలా?"

ఆవిడ తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది. అతను పైనున్న పన్నెండు మందినీ కాపీ చేసి పంపేశాడు. ఒక కాగితం మీద అచ్చు తీయించి లిఫ్టు పక్కన అంటించమని వాచ్‌మన్‌కి ఇచ్చాడు.

పావుగంటలో తలుపు కొట్టి, రిటైరైన పోస్ట్‌మాన్ లోపలికొచ్చాడు. కాళ్ళకి కొత్త కాన్వాసు బూట్లు.

"నా పేరు మొట్టమొదట వేశావటగా! మనిషి విలువ తెలిసినవాడివయ్యా. మా మనవరాలికి ఫోన్ చేసి చెప్పేశా."

సెక్రటరీ లోపలికి పరిగెత్తి అద్దాలు తెచ్చుకున్నాడు. పన్నెండు పేర్లూ చదివాడు. పోస్ట్‌మాన్, హమాలీ మామ, మంత్రసాని అత్తయ్య, చిట్టి పిన్ని... అరవై అయిదు లోపువాళ్ళు ఒక్కరూ లేరు.

"ఏమే! ఈ షీట్ ముట్టుకున్నావా?"

ఎముకల డాక్టరు దగ్గర పనిచేసే భార్య వంటింట్లోంచి వచ్చింది. "నిన్న సాయంత్రం చూశానండీ. ఆదివారం మా డాక్టరుగారి మోకాళ్ళ క్యాంపు ఉందిగా. అరవై అయిదు దాటినవాళ్ళని వేరు చేశా." వయసు అన్న చోట ఉన్న చిన్న గరాటు బొమ్మ చూపించింది. "ఇది నొక్కితే అడిగినవాళ్ళే కనిపిస్తారు. మిగతావాళ్ళు దాక్కుంటారంతే."

"దాక్కున్నవాళ్ళని బయటికి రప్పించాలిగా!"

"మీరు నిమిషానికోసారి కాఫీ అడుగుతుంటే మర్చిపోయా."

ఆమె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాక అతను ఆ గరాటు నొక్కి ఫిల్టర్ తీసేశాడు. నూట పద్దెనిమిది మందీ బిలబిలమంటూ తిరిగొచ్చారు. కండల బావ మళ్ళీ పైకెక్కి కూర్చున్నాడు. వెంటనే సెక్రటరీ, పేర్లు మార్చాలని రెండో భవనం అధ్యక్షుడికి ఫోన్ చేశాడు.

"పంపిన పేర్లు మార్చకూడదన్న రూలు మీరు పెట్టిందే కదండీ?"

నిజమే. పోయిన ఏడాది ఆఖరి నిమిషంలో వాళ్ళు ఒక వస్తాదు బావమరిదిని దింపారని, పట్టుబట్టి రాయించింది అతనే.

సెక్రటరీ తల పట్టుకుని పక్కకి జరగగానే భార్య వంటింట్లోంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. క్యాంపు కబురు ఇంకా పంపలేదు. నిన్న తాను వేరుచేసి పెట్టిన జాబితా అలాగే ఉందనుకుని, షీట్‌లో కనిపించిన అందరికీ పంపేసింది. "మీ మోకాళ్ళు అరిగాయా? దిగులుపడకండి, ఆదివారం రండి."

కండల బావ మూడు అంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. "టీములోంచి తీసేశారు, సరే. నా మోకాళ్ళు అరిగాయని ఊరంతా చాటాలా అన్నా?"

"అది నీకు పంపింది కాదురా!"

"నా ఫోన్‌కే వచ్చింది! నేను కూర్చుని లేపేది నూరు కిలోలు. ఇప్పుడు జిమ్ముకి ఎవడొస్తాడు?"

సాయంత్రానికి రెండో భవనంలో మరో మాట పాకింది. మొదటి భవనం కుర్రాళ్ళందరికీ మోకాళ్ళు పోయాయట, అందుకే ముసలివాళ్ళని దింపుతున్నారట. ఆ నవ్వులు ఇవతలికి వినిపించాయి. వాళ్ళు సాధన కూడా మానేశారు.

సెక్రటరీకి ఒకటే దారి కనిపించింది. పెద్దవాళ్ళకి నిజం చెప్పి, ఓటమి ఒప్పుకుని, పదవి వదిలేయడం. చెబుదామని డాబా మీదికి వెళ్ళాడు. అక్కడ పన్నెండు మందీ నీళ్ళ ట్యాంకు స్తంభానికి తాడు కట్టి లాగుతున్నారు. నలభై ఏళ్ళు బస్తాలు మోసిన హమాలీ మామ మడమలు ఎలా తన్నిపెట్టాలో చూపిస్తున్నాడు. మంత్రసాని అత్తయ్య తాడు పట్టుకునే, "ఊపిరి పీల్చు! ఆపు! ఇప్పుడు ముక్కు!" అని అరుస్తోంది.

"అదీ... ఒక పొరపాటు జరిగింది..." అన్నాడు.

"ఆ పొరపాటేదో నాకు పొద్దున్నే తెలుసు" అంది చిట్టి పిన్ని తాడు వదలకుండా. "డెబ్బై ఒకటి రాలేదని చెప్పానా లేదా? ఇప్పుడు మమ్మల్ని దిగమంటే దిగం. నా తలుపు ఇంకో ఏడాది బంతి దెబ్బలు తినదు."

ఆదివారం పొద్దున రెండో భవనంవాళ్ళు మైదానంలో తమ వైపు కార్లు తీరిగ్గా కడుక్కుని, పక్కకి నిలిపి, చేతులు తుడుచుకుంటూ పోటీకి వచ్చారు. ఈల మోగింది.

"లాగొద్దు! నిలబడండి చాలు!" అన్నాడు హమాలీ మామ.

నిలబడ్డారు. అవతలి పన్నెండు మంది నవ్వుతూ లాగారు. తర్వాత నవ్వకుండా లాగారు. తాడు కదల్లేదు. పోస్ట్‌మాన్ మొహం ఎర్రబడింది కానీ కొత్త బూట్లు నేలకి కరుచుకున్నాయి. కార్లు కడిగిన నీళ్ళు అవతలి కాళ్ళ కింద బురదయ్యాయి. ముందున్నవాడు జారాడు. అతని మీద రెండోవాడు పడ్డాడు.

"ఇప్పుడు ముక్కు!" అంది మంత్రసాని అత్తయ్య.

పన్నెండు మందీ ఒక్కసారి ముక్కారు. రెండో భవనం మొత్తం బురదలో పొట్ట మీద జారుకుంటూ గీత దాటి వచ్చింది. మెట్ల మీద ఆడే పిల్లలు బంతి పట్టుకుని మైదానంలోకి పరిగెత్తారు.

మోకాళ్ళ క్యాంపుకి ఆ మధ్యాహ్నం పన్నెండు మంది వెళ్ళారు. అందరూ రెండో భవనంవాళ్ళే.

సాయంత్రం సెక్రటరీ, ఇదంతా తన పథకమేనని మూడోసారి చెబుతుండగా కండల బావ వచ్చాడు. "వచ్చే ఏడాదైనా నా పేరు వేస్తావా అన్నా?"

సెక్రటరీ కళ్ళద్దాలు పెట్టుకుని, షీట్ తెరిచి, అతని వయసు చూశాడు. ముప్పై. గరాటు బొమ్మ నొక్కాడు.

"వేస్తాలేరా. ఇంకో ముప్పై ఆరేళ్ళు ఆగు."

ఇట్లు,
అందరూ పిలిచే పేరు చిట్టి పిన్ని. వయసు డెబ్బై ఒకటి. ప్రస్తుతం ఉంటున్నది మొదటి భవనం, రెండో అంతస్తు, మెట్ల పక్క ఇల్లు.