చీమ స్థానికత

అలియాబాద్ శివారులోని ప్రకృతి ఎవెన్యూ రెండో ఫేజ్‌లో, ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ ఎరగని ఒక చీమ దొరికినందుకు కాలనీ సంక్షేమ సంఘం హర్షం వ్యక్తం చేసింది. హర్షం వ్యక్తం చేసి ఊరుకోకుండా అత్యవసర సర్వసభ్య సమావేశం కూడా పెట్టింది. వేసవిలో కుళాయిలు ఎండిపోయినప్పుడు సైతం ఇంత అత్యవసరం కనబడలేదని పాత సభ్యులు చెబుతారు.

తెలియని వారి కోసం కాలనీ గురించి కొంచెం. కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేట దాటాక, ఉన్న ప్రకృతిని శుభ్రంగా తీసేసి, ఖాళీ అయిన ఆ చోట కట్టిన కాలనీ అది. వెనకవైపు మాత్రం ఒక రాళ్ల గుట్ట, దాని మీద సీతాఫలం పొదలు మిగిలాయి. ఎవరో దయ తలచి మిగల్చలేదు. గుట్ట మీద ఒక బిల్డరుకూ సంఘానికీ కోర్టులో సరిహద్దు తగాదా నడుస్తోంది. మన దేశంలో చెట్లను అటవీశాఖ తరువాత అంత శ్రద్ధగా కాపాడేవి సివిల్ దావాలే.

ఆ పొదల్లో పండ్లు కోసుకుని, గంపలో పెట్టుకుని కాలనీలో అమ్మే మనిషి దుర్గాబాయి. అలియాబాద్‌లోనే పుట్టింది, అక్కడే పెళ్లయింది. ఆమె తల్లి కూడా ఆ గుట్ట పండ్లే అమ్మేది. కాలనీకి గేటు పెట్టక ముందు నుంచీ దుర్గాబాయి ఆ దారిన నడుస్తోంది, అప్పట్లో అది దారి గనుక.

చీమ వచ్చింది ఆమె గంపలోనే. కామేశ్వరమ్మ గారు పండ్లు కొని వంటింటి గట్టు మీద పెట్టారు. పండు గాట్ల మధ్య నుంచి తేనె రంగులో, నూక గింజలో సగం కూడా లేని చీమలు బారుగా బయటికి వచ్చాయి. ఆవిడ తడిగుడ్డ తీసుకున్నారు. కూతురు నవ్యశ్రీ పరుగున వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

నవ్యశ్రీ చీమల మీద పరిశోధన చేస్తోంది. ఈ సంగతి ఆ ఇంట్లో కొంత గుట్టుగా ఉండేది. తండ్రి రాజారావు గారు తణుకు నుంచి వచ్చి బాలానగర్‌లో ఒక మందుల కంపెనీ లెక్కలు చూస్తారు. అమ్మాయి ఏం చేస్తోందని ఎవరైనా అడిగితే, సైన్సులో పెద్ద చదువని చెప్పి వెంటనే వర్షాల గురించి మాట్లాడేవారు. ఆ రోజు నవ్యశ్రీ చీమలను చిన్న కుంచెతో స్పిరిట్ సీసాలోకి ఎక్కించుకుంది. తరువాత నెలల తరబడి సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఇదివరకు తెలిసిన చీమలన్నిటితో పోల్చింది. దేశంలోనూ బయటా ఉన్న పెద్దలకు పంపింది. అందరూ ఒకటే మాట చెప్పారు, ఇది కొత్తదని. ఆ రోజు నవ్యశ్రీ మేడ మీదికి వెళ్లి గుట్టకేసి చూస్తూ చాలాసేపు నిలబడింది. ఆనందం ఎవరితో పంచుకోవాలో ఆమెకు తెలియలేదు. ఆ ఇబ్బంది సాయంత్రానికల్లా తీరిపోయింది, తల్లి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు.

సంఘం అధ్యక్షుడు జానకిరామయ్య గారు విద్యుత్ శాఖలో పెద్ద హోదాలో పనిచేసి దిగినవారు. స్వయంగా వచ్చి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టారు. కొత్తదనం ఏమిటని అడిగారు. నడుము దగ్గర రెండో ముడి మీద వెనక్కి వంగిన వెంట్రుకలు ఉన్నాయని, దీని చుట్టాలకు అవి ఉండవని నవ్యశ్రీ చెప్పింది. అంత చిన్న తేడాతో వేరే జాతి అయిపోతుందా అని ఆయనకు మొదట సందేహం కలిగింది. కానీ మనుషుల్లో అంత తేడా కూడా లేకుండానే వేరు జాతులు నడుస్తున్నాయి గనుక వెంటనే ఒప్పుకున్నారు.

సమావేశంలో ఆయన ఉపన్యాసం ఇలా సాగింది. "మిత్రులారా, ఎన్నో కాలనీలకు క్లబ్ హౌసులున్నాయి, ఈత కొలనులున్నాయి. స్వంత చీమ ఉన్న కాలనీ ఈ జిల్లాలో మనది ఒక్కటే. క్రమశిక్షణకు మారుపేరు చీమ. పన్నులు ఎగ్గొట్టదు, పార్కింగ్ దగ్గర తగువు పడదు. అలాంటి ప్రాణి వెతుక్కుంటూ వచ్చి మన మధ్య వెలిసిందంటే, మన నిర్వహణలో ఏదో ఉండి ఉండాలి." చప్పట్లు మోగాయి. నెలవారీ నిర్వహణ రుసుము పెంపు అదే ఊపులో ఆమోదం పొందింది.

వెతుక్కుంటూ వచ్చిందన్న మాట బయటికి పొక్కింది. మరుసటి సమావేశానికి ఊరి తరఫున వీరభద్రం వచ్చాడు. ఇంతవరకు ఏ పదవికీ ఎన్నిక కాకపోయినా, అన్ని పదవులకూ నిలబడిన నాయకుడు. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, తాపీగా చెప్పాడు. "గా చీమ మా గుట్టది, సార్. మా తాతల కాలంకెల్లి ఉన్నది. మీరొచ్చి నిన్నగాక మొన్న. మీరు దాన్ని మీ చీమ అంటే మా ఊరోళ్ల మనసు నొస్తది."

చీమ తమ వంటింట్లో దొరికిందని రాజారావు గారు గుర్తు చేశారు. గంప ఊరిదని వీరభద్రం అన్నాడు. పండ్లకు రొక్కం ఇచ్చామని, పండుతో పాటు చీమ కూడా కొన్నట్టే లెక్క అని లెక్కలు తెలిసిన రాజారావు గారు వాదించారు. వాదన చీమను దాటి, అక్కడి నుంచి ఎవరు ఎప్పుడు ఎక్కడి నుంచి వచ్చారన్న చోటికి చేరింది. సభలో ఎవరి గొంతు వాళ్లకు వినబడకుండా పోయింది. నిపుణురాలినే అడుగుదామని జానకిరామయ్య గారు నవ్యశ్రీని లేపారు.

చీమల్లో రెండు రకాలని ఆమె వివరించింది. కొన్ని పుట్టిన చోటే ఉంటాయి, ఇది ఆ రకం, ఈ గుట్టలో తప్ప ఇంకెక్కడా కనబడలేదు. మరి కొన్ని ఎక్కడి నుంచో వస్తాయి. సామాన్లతో, మట్టితో పాటు వచ్చి దిగుతాయి. గూడు మీద గూడు కడతాయి. నీళ్లూ తిండీ అంతా లాగేసుకుంటాయి. అక్కడ ముందు నుంచీ ఉన్నవాటిని తరిమేస్తాయి. ఇక వెళ్లవు. వీటిని దురాక్రమణ చీమలంటారని ఆమె చెప్పి కూర్చుంది.

హాలులో కొందరు చెప్పుల కేసి చూసుకున్నారు. ముందుగా తేరుకున్నది జానకిరామయ్య గారే. అటువంటి దురాక్రమణదారులు కాలనీలోకి చొరబడకుండా గట్టి చర్యలు తీసుకోవాలన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వీరభద్రం కూడా చెయ్యెత్తాడు. గేటు దగ్గర పాసుల పద్ధతి మర్నాటి నుంచే అమల్లోకి వచ్చింది. దాని కింద మొట్టమొదట ఆగిపోయింది దుర్గాబాయి గంప.

పాసు కావాలంటే కాలనీలో ఎవరైనా పూచీ పడాలి. కామేశ్వరమ్మ గారు పడదామనుకున్నారు గానీ, కూతురికి సంఘం సన్మానం చేయబోయే సమయంలో తీర్మానాన్ని ప్రశ్నించినట్టు ఉంటుందని ఊరుకున్నారు. పండ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. అవి ఏ చీమా లేకుండా వచ్చాయి, రుచి కూడా లేకుండా.

ఈలోగా చీమకు పేరు పెట్టాల్సి వచ్చింది. పేరు పెట్టే హక్కు కనిపెట్టిన వారిదే అయినా, సలహాలకు కొదవ లేదు. కాలనీ పేరు పెట్టమని సంఘం అడిగింది, రెండో ఫేజ్ అన్నది విడిగా కనబడాలని కోరింది. ఊరి పేరు పెట్టాలని వీరభద్రం అన్నాడు. పెద్దలెవరైనా బతికుండగానే గౌరవించడం నేటి అవసరమని జానకిరామయ్య గారు ఎవరినీ ఉద్దేశించకుండా చెప్పారు. నవ్యశ్రీ అందరి మాటా విని, తన వ్యాసంలో దుర్గాబాయి పేరు పెట్టింది. పేరు లాటిన్ తోకతో అచ్చయి వచ్చాక అధ్యక్షుడు చదివి కళ్లకద్దుకున్నారు. అమ్మవారి పేరు పెట్టావా తల్లీ, ఇక ఎవరూ కాదనలేరని మెచ్చుకున్నారు. నవ్యశ్రీ సరిదిద్దబోయింది. అప్పటికే కుంకుమార్చనకు ముహూర్తం ఖాయమైంది.

అసలు ముప్పు ఆ తరువాత వచ్చింది. చీమ కీర్తి పేపర్లకెక్కగానే గుట్ట విలువ పెరిగింది. విలువ పెరగగానే, ఏళ్ల తరబడి కోర్టులో కొట్టుకుంటున్న రెండు పక్షాలకూ ప్రజా ప్రయోజనం గుర్తొచ్చింది. రాజీ పడ్డారు. గుట్ట ముందు భాగంలో సంఘం చీమ స్మారక పార్కు కట్టుకుంటుంది, వెనక భాగంలో బిల్డరు మూడో ఫేజ్ వేసుకుంటాడు. రెండు చోట్లా పొదలు తీసేయాలి.

నవ్యశ్రీ అధ్యక్షుడి ఇంటికి వెళ్లింది. ఈ చీమ సీతాఫలం వేళ్లలోనూ రాళ్ల సందుల్లోనూ మాత్రమే బతుకుతుందని, పొదలు పోతే అదీ పోతుందని చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు. "చీమ కోసమే కదమ్మా ఇదంతా. మట్టిలో, రాళ్ల కింద ఎంతకాలం పడి ఉంటుంది? దానికి గ్రానైట్‌తో పక్కా పుట్ట కట్టిస్తాం," అన్నారు.

ఇంట్లో చెబితే, పేరు అచ్చయిపోయింది గనుక ఇంక గుట్టతో పనేముందని తండ్రి అడిగారు. ఆమె చెప్పులు వేసుకుని హైవే మీదికి వెళ్లింది. దుర్గాబాయి గంపతో బస్టాపు పక్కన ఎండలో కూర్చుని ఉంది. నవ్యశ్రీ పక్కనే కూలబడి, చీమకు ఆమె పేరు పెట్టిన సంగతి చెప్పింది. లోకంలో ఎవరు ఆ చీమ గురించి రాసినా ఇక ఆ పేరే రాయాలని చెప్పింది.

దుర్గాబాయి నవ్వింది, సిగ్గుపడింది కూడా. "నా పేరెందుకు వెట్టినవ్, బిడ్డా?"

"మీ గంపలోనే కదా దొరికింది."

"మంచిగున్నది. మరి గా పేరు జూపిస్తే పొదలు కొట్టుడు ఆపుతరా?"

ఆపరని నవ్యశ్రీ ఒప్పుకుంది.

దుర్గాబాయి మెత్తబడ్డ పండ్లను ఏరి పక్కకు పెడుతూ అంది. "గట్లయితే పేరు మీరే ఉంచుకోండ్రి. నాకు గుట్ట సాలు."

ఆ మాట నవ్యశ్రీని కుదురుగా ఉండనివ్వలేదు. అరుదైన జీవులను కాపాడే కార్యాలయం ఒకటి నగరంలో ఉందని తెలిసి వెళ్లింది. అక్కడి అధికారి ఎంతో మర్యాదస్తుడు. స్థానిక జాతి అయితే తప్పకుండా రక్షణ కల్పిస్తామన్నాడు. స్థానికత రుజువు చేయాలన్నాడు. చీమలకు ప్రత్యేకంగా నిబంధనలు ఇంకా రాలేదు గనుక అందరికీ ఉన్నవే వర్తిస్తాయని, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివిందో స్టడీ సర్టిఫికెట్లు జతపరచమన్నాడు. చీమ బడికి వెళ్లదని ఆమె అంది. బడికి వెళ్లని వారికి ఎమ్మార్వో నివాస ధ్రువీకరణ ఇస్తారని అతను ధైర్యం చెప్పాడు. ఎమ్మార్వో కార్యాలయంలో దరఖాస్తుదారు స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలన్నారు.

ఆమె తిరిగి వచ్చేసరికి గుట్ట మీద జేసీబీ ఉంది.

పార్కు ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. దూలపల్లిలో పోతపోయించి తెచ్చిన చీమ విగ్రహాన్ని నడిమధ్యన నిలబెట్టారు. దానికి ఎనిమిది కాళ్లున్నాయి. చీమకు ఆరే కదా అని నవ్యశ్రీ అంటే, వాస్తు ప్రకారం దిక్కుకొకటి పెట్టారని సమాధానం వచ్చింది. శ్రామిక చీమలన్నీ ఆడవేనని ఆమె ముందే చెప్పి ఉండటంతో మీసాలు తీసేద్దామా అని చర్చ జరిగింది. కష్టపడే మనిషికి మీసం ఉంటేనే గౌరవమని ఉంచేశారు. ముఖ్య అతిథిని ఏదైనా కుడితే బాగుండదని, ముందురోజే గాజులరామారం నుంచి మందు కొట్టేవాళ్లను రప్పించి పార్కు అంతటా రెండు విడతలు కొట్టించారు. వేదిక మీద పూలదండల నుంచి కూడా ఆ వాసనే వచ్చింది.

అర్చకులు దుర్గాష్టకం మొదలుపెట్టారు. అదే సమయానికి దుర్గాబాయి గేటు దగ్గర నిలబడి ఉంది. నవ్యశ్రీ రమ్మని పిలిచింది గనుక పెట్టెలోని పట్టుచీర కట్టుకుని వచ్చింది. సెక్యూరిటీ బాలేష్ ఆమె ఊరివాడే, వరసకు మరిది. పాసు లేదు గనుక ఏం చేయలేనని తల దించుకుని చెప్పాడు. మైకులో అమ్మా దుర్గా రావమ్మా అని పిలుపు వినబడుతూనే ఉంది. నవ్యశ్రీ వేదిక దిగి గేటు దాకా నడిచి, గేటు దాటి అవతలికి వెళ్లి దుర్గాబాయి పక్కన నిలబడింది. శాలువా కప్పే వేళకు నవ్యశ్రీ కుర్చీ ఖాళీగా ఉండటంతో, దాన్ని రాజారావు గారికి కప్పారు. ఆయనకు బాగా కుదిరింది.

తరువాత నవ్యశ్రీ చాలా వెతికింది. పార్కు పలకల సందుల్లో, కొట్టేసిన మొద్దుల కింద, చుట్టుపక్కల ఇతర గుట్టల్లో. ఎక్కడా ఒక్క చీమ కనబడలేదు. స్పిరిట్ సీసాలో ఉన్నవే మిగిలాయి. ఆ చీమ ఇప్పుడు బతికి ఉన్నట్టు ఆధారం లేదని ఇంకో చిన్న వ్యాసం రాసింది. కాలనీ పరపతికి నష్టమని సంఘం అభ్యంతరం చెప్పింది. బతికే ఉంది గానీ కనబడటానికి ఇష్టపడటం లేదని మార్చమని కోరింది. ఆమె మార్చలేదు. తండ్రీ కూతుళ్లు కొన్నాళ్లు మాట్లాడుకోలేదు.

దుర్గాబాయికి అన్యాయం జరగలేదని ఇక్కడ స్పష్టం చేయాలి. సంఘం మానవతా దృక్పథంతో ఆమెకు పార్కులోనే ఉద్యోగం ఇచ్చింది. విగ్రహం తుడవాలి, పలకలు కడగాలి, ఎక్కడైనా చీమలు కనబడితే మందు కొట్టాలి. ఇప్పుడు ఆమెకు పాసుంది. మొదటి వారం ఆమె మందు డబ్బా పట్టుకుని తిరుగుతుంటే నవ్యశ్రీ చూడలేక లోపలికి వెళ్లిపోయింది. దుర్గాబాయి మాత్రం చీమలు కనబడిన చోట డబ్బాను పక్కకు తిప్పుకుని నడుస్తుందని బాలేష్ చెప్పాడు. అవి మామూలు నల్ల చీమలే.

మూడో ఫేజ్ ప్రకటన పోయిన నెలలో వెలువడింది. ప్రపంచ ప్రఖ్యాత చీమ పుట్టిన పుణ్యభూమి అని పైన ఉంది. ఏ అంతస్తులోనూ చీమలు రావని పదేళ్ల హామీ కింద ఉంది.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. అందరూ మంచివాళ్లే, అయ్యో పాపం అన్నారు. చీమ గురించి ఒకరు, దుర్గాబాయి గురించి మరొకరు నిజంగానే బాధపడ్డారు. ఆ బాధ కాస్త తగ్గాక అందరూ ఒకే ప్రశ్న అడిగారు. మీరు కూడా అదే అడగబోతున్నారు గనుక శ్రమ తగ్గిస్తాను. మూడో ఫేజ్‌లో తూర్పు ముఖం ఫ్లాట్లు అయిపోయాయి. ఉత్తరం ముఖానివి కొన్ని ఉన్నాయి.