నాలుగింటికే చెట్టెక్కిన మొగుడు

అమెరికాలోని విస్కాన్సిన్‌లో నవంబరు రెండో వారం వచ్చిందంటే జతకోసం మగజింకలకి మతిపోతుంది. వాటిని వేటాడే మగవాళ్లకీ అంతే. ఆర్డెన్ టోర్గర్సన్‌కి మాత్రం అక్టోబరులోనే పోయింది.

కారణం వాళ్ల పొలం చివరనున్న ఓక్ చెట్టు. పెద్ద కొమ్ముల జింక ఒకటి రోజూ తెల్లవారాక దాని కిందనుంచి దర్జాగా నడిచి వెళుతోందని చెట్టుకి కట్టిన కెమెరా చెప్పింది. ఆ నడక చూసి మొగుడూ పెళ్లాలిద్దరూ దానికి ‘మేయరు’ అని పేరు పెట్టారు. ఇద్దరికీ విల్లు ఉంది, లైసెన్సు ఉంది, చెరొక జీను ఉంది. చెట్టే ఒక్కటి.

జీనంటే గుర్రానిది కాదు. నడుముకీ తొడలకీ బిగించుకుని, తాడుతో మానుకి కట్టుకుని, ఇరవై అడుగుల ఎత్తున వేలాడే పటకా. ఆర్డెన్ అందులో వేలాడుతుంటే గుమ్మానికి దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయలా ఉంటాడు.

ఒకరోజు భోజనాల దగ్గర అతను మెల్లగా కదిపాడు.

“జోరీ, మనలో మనకి తగువెందుకు? పొద్దున్నే ఎవరు ముందెక్కితే ఆ రోజుకి ఓక్ చెట్టు వాళ్లది.”

“రాసిస్తావా?” అంది జోరీన్.

“మాటిస్తున్నా కదే!”

“గ్యారేజీకి రంగేస్తానని కూడా మాటే ఇచ్చావు. రాసివ్వు.”

కేలండరు మీద రాసి సంతకం పెట్టాడు. గడ్డంలోనే నవ్వుకున్నాడు. ఎందుకంటే జోరీన్ కాఫీ తాగందే కళ్లు తెరవదు. కళ్లు తెరవందే కాఫీ పెట్టుకోలేదు. ఆ చిక్కుముడిని పెళ్లయిన దగ్గరనుంచీ విప్పుతున్నది ఆర్డెనే.

“అయినా చీకట్లో ఎక్కి ఏం చేస్తావు?” అంది ఆవిడ.

“అడవి సర్దుకోవాలి. మనం చేసిన చప్పుడు జింకలు మర్చిపోవాలంటే గంటన్నర పడుతుంది.”

“ఆ టైముకి అవి అడవిలో ఎక్కడున్నాయి? మన గడ్డిచేలో మేస్తుంటాయి. వాటి మధ్యనుంచి టార్చి వేసుకుని పోతే, దయచేయండి అని దారిస్తాయా? వెలుగు పడనీ. అవి మేసి వెళ్లాక ఎక్కాలి.”

“జింకల గురించి నాకు చెబుతున్నావా? ఇరవై ఎనిమిదేళ్లుగా వేటాడుతున్నా!”

“ఎన్ని కొట్టావు?”

“మాట మార్చకు.”

బుధవారం అతను ఐదింటికి అలారం పెట్టుకున్నాడు. పావుతక్కువ ఐదుకే ఆవిడ వైపు అలారం మోగింది. జోరీన్ లేచి కూర్చుంది! ఆర్డెన్ మంచం మీంచి దూకాడు. ప్యాంటు ముందువెనకలైనా చూసుకోకుండా, రాత్రే కాఫీ పోసిపెట్టుకున్న ఫ్లాస్కు పట్టుకుని పరిగెత్తాడు. వెనక వంటింట్లో లైటు వెలగడం చూసి ఇంకా జోరుగా పరిగెత్తాడు. చెట్టు దక్కింది. జింక మాత్రం రాలేదు.

“రేపు చూడు నీ సంగతి,” అంది జోరీన్, మొహం వేలాడేసుకుని.

గురువారం ఆవిడ అలారం నాలుగున్నరకి మోగింది. మళ్లీ అతనే గెలిచాడు. మళ్లీ ఉడతల్ని లెక్కపెట్టుకుని ఇంటికొచ్చాడు.

శుక్రవారం నాలుగింటికే మోగింది. ఆర్డెన్ బూట్లు తొడుక్కునే పడుకున్నాడు కాబట్టి సరిపోయింది. వీపు మీద చెట్టుకి బిగించుకుని ఎక్కే నాలుగు నిచ్చెన ముక్కలు పెళ్లివంటల గిన్నెల్లా మోగుతుంటే చేనుకి అడ్డంగా పడ్డాడు. టార్చి వెలుగులో డజను జింకల తెల్లతోకలు పైకి లేచి, వాగు వైపు మాయమయ్యాయి. అతను వాటిని చూడలేదు. జోరీన్ వస్తోందేమోనని వెనక్కి చూస్తున్నాడు.

ఆయాసంతో, చెమటతో చెట్టెక్కి, కట్టుకుని, విల్లు తగిలించాడు. ఫ్లాస్కు జారి కిందపడింది. చెమట చల్లారాక వణుకు వచ్చింది. వణుకు తగ్గాక నిద్ర వచ్చింది. జీను మెల్లగా మాను చుట్టూ తిరిగి అతన్ని అవతలి వైపుకి చేర్చింది. విల్లు ఇవతలే ఉండిపోయింది. అతని గురకకి ఒక గుడ్లగూబ కాపురం మార్చుకుంది.

జేబులో ఫోను అదిరితే మెలకువ వచ్చింది. తెల్లారింది. ఫోనులో ఫోటో. మేయరు గడ్డిలో పడుకుని ఉన్నాడు. పక్కన జోరీన్, తల దువ్వుకుని, విల్లు పట్టుకుని, నవ్వుతూ.

వెంటనే ఫోను చేశాడు.

“ఎక్కడ?”

“మన ఇంటి వెనక, ఆపిల్ చెట్ల దగ్గర.”

“ఎప్పుడెక్కావు?”

“ఆరింటికి. నువ్వు మిగిల్చిన కాఫీ తాగి.”

“మరి ఆ అలారం?”

“అది నీకోసం. నువ్వు పరిగెత్తగానే వంటింట్లో లైటు వేసొచ్చి మళ్లీ పడుకునేదాన్ని.”

జోరీన్ ఓపికగా చెప్పింది.

“బుధవారం ఐదింటికి నువ్వు తరిమిన జింకలు వాగు చుట్టి, ఏడున్నరకి ఆపిల్ పళ్లకోసం వచ్చాయి. కిటికీలోంచి చూశా. ఎండ చూసి నిలబళ్లేదు. గురువారం ఏడుకి వచ్చాయి. వెనకాల మేయరు కూడా. అదీ ఆలస్యమే. మసక వెలుతురులో రావాలంటే నిన్ను నాలుగింటికి లేపాలని తేలింది.”

ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఇరవై అడుగుల ఎత్తున నోరు తెరుచుకుని వేలాడింది.

“సరే, దిగిరా. మేయరుగారిని ఇంటిదాకా లాగాలి.”

“కాళ్లు తిమ్మిరెక్కాయి జోరీ. కదల్లేను.”

పావుగంటకి జోరీన్ డోనట్టు తింటూ చెట్టు కిందికి వచ్చింది. పడిపోయిన ఫ్లాస్కు ఏరుకుని, మొగుడు కాళ్లు ఆడించుకోవడాన్ని తీరిగ్గా చూసింది. ఇంతలో ఆవిడ ఫోను మోగింది. “ఆఁ, ఆఁ… అడుగుతానుండు,” అని తల పైకెత్తింది.

“మా అక్క మేవిస్. ఫోటో చూసిందట. వాళ్ల మొక్కజొన్న చేలోనూ జింకలున్నాయట, రేపు ఒక్కరోజు నిన్ను పంపమంటోంది. మూడున్నరకల్లా లేవగలవా?”

ఆర్డెన్ కొమ్మల్లోకి చూశాడు. తాడు వైపు చూశాడు. చివరికి పెళ్లాం చేతిలోని డోనట్టు వైపు చూశాడు.

“టిఫిన్ పెడుతుందేమో కనుక్కో,” అన్నాడు నీరసంగా.