ఓనరు వైపు బ్రేకు

ఆ శనివారం ఎల్లేష్ పెట్టుకున్న పని చాలా చిన్నది. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో సగం రోజు సెలవు పెట్టి, నెట్ సెంటర్లో ఓ గంట కూర్చుని, తన కంపెనీ ఎలా నడుస్తోందో కళ్లారా చూసి, వచ్చేటప్పుడు అరకిలో మటన్ తేవాలి. అంతే.

తన కంపెనీ అంటే ఫ్యాక్టరీ కాదు. అక్కడ అతను పద్దెనిమిదేళ్లుగా ఫిట్టరు. తన కంపెనీ అంటే పునర్జన్మ మోటార్స్ డాట్ కామ్. యాక్సిడెంటై ఇన్సూరెన్సువాళ్లు వదిలించుకునే బళ్లను ఇంటర్నెట్లో వేలం వేసే కొత్త సంస్థ. అందులో ఎల్లేష్‌కు వంద షేర్లున్నాయి. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి ముందుగదిలో యేసుప్రభువు పటం పక్కనే తగిలించాడు. ప్రభువు వైపు తిరిగిన చూపు దాని మీద కూడా పడి తీరాలని అతని ఏర్పాటు.

ఆ షేర్లు ఏ డబ్బుతో కొన్నాడన్నదే చిక్కు. భార్య రాహేలు ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. రోజూ రెండు బస్సులు మారి డ్యూటీకి వెళ్తుంది. స్కూటీ కొనుక్కుందామని నాలుగేళ్లు చీటీ కట్టింది. ఆ చీటీ డబ్బే పునర్జన్మ ఎత్తింది.

"క్రిస్మస్‌కు ఇంటి ముంగట స్కూటీ ఉండాలె. లేకుంటే నీ కాగితం మీద ఉల్లిగడ్డలు కోస్త" అని రాహేలు గడువు పెట్టింది. క్రిస్మస్ ఇంకా ఇరవై రోజులే ఉంది.

రాహేలు తండ్రి ఆగయ్యది బార్కస్‌లో మెకానిక్ షెడ్డు. అల్లుడు కనబడితే చాలు, "బండిని చెయ్యి పెట్టి చూడకుంట బొమ్మ జూసి కొంటరా అల్లుడా? మునుగుతది నీ కంపెనీ" అనేవాడు. ఎల్లేష్ నవ్వి ఊరుకునేవాడు. ఓనర్ల సంగతులు మెకానిక్కులకేం తెలుస్తాయి?

నెట్ సెంటర్ యాసీన్ భాయ్ అతన్ని ఓ ప్లైవుడ్ గదిలో కూర్చోబెట్టాడు. వేలంలో పేర్లుండవు, నంబర్లే. ఎల్లేష్‌ది నలభై ఒకటి. మొదటి రెండు బళ్లు మర్యాదగానే పోయాయి. మూడోది ఓ డ్రైవింగ్ స్కూలు మారుతి కారు. ముందు భాగం నుజ్జునుజ్జు. ఎవరో పాడిన ధర చూడగానే ఎల్లేష్ చెవులు ఎర్రబడ్డాయి. పాత ఇనుము కొట్టువాడు కూడా అంతకంటే గౌరవం ఇస్తాడు.

"మన కంపెనీ మాల్‌కు గింతేనా ఇజ్జత్?" అని గొణుక్కుని, ఓనరుగా తన ధర్మం కదా అని కాస్త పెంచాడు.

వెంటనే ఇరవై ఏడో నంబరు మరికాస్త పెంచింది. ఎల్లేష్ ఛాతీ ఉప్పొంగింది. ఇతనూ పెంచాడు. పక్క గదిలో ఎవరో బల్ల చరిచారు. యాసీన్ భాయ్ అటు పరుగెత్తాడు. ఇరవై ఏడు మళ్లీ పెంచింది. ఎల్లేష్ పెంచాడు. మళ్లీ బల్ల చప్పుడు, మళ్లీ యాసీన్ భాయ్ పరుగు. ఎవరో కంప్యూటర్లో పేకాట ఆడుతూ ఓడిపోతున్నారని ఎల్లేష్ జాలిపడ్డాడు.

సరిగ్గా పదకొండుకు వేలం ముగిసింది. నలభై ఒకటో నంబరుకు అభినందనలని తెర మీద పడింది. ఎల్లేష్‌కు ముందు గర్వం వచ్చింది, తర్వాత చెమట పట్టింది. బండి తీసుకోకపోతే పేరు నల్లజాబితాలోకి ఎక్కుతుంది. ఓనరు పేరే అందులోకి ఎక్కితే కంపెనీ పరువేం కావాలి? మటన్ మరిచిపోయి, ఫ్యాక్టరీ సొసైటీ లోను గురించి ఆలోచిస్తూ ఇంటికి నడిచాడు.

యాసీన్ భాయ్ నోరు అతనికంటే ముందే ఇల్లు చేరింది. ఎదురింటి బేబీ గుమ్మంలోనే ఉంది.

"అక్కా, అన్న నీకు కారు కొన్నడట గదా!"

"కారా? నిజమేనా?" అంది రాహేలు. ఆ కళ్లలో వెలుగు చూశాక ఎల్లేష్‌కు నిజం నోట రాలేదు.

"స్కూటీ ఏంది రాహేలూ, ఓనర్ పెండ్లానివి. కారే!"

బేబీ చర్చిలో చెప్పింది. చర్చి పాస్టరయ్యకు చెప్పింది. సోమవారం ఎల్లేష్ లోను తీసి డబ్బు కట్టాడు. మంగళవారం పొద్దునకల్లా గల్లీలో కుర్చీలు, బంతిపూల దండలు, రెండు కిలోల లడ్డూలు సిద్ధమయ్యాయి. యాసీన్ భాయ్ కూడా లడ్డూల దగ్గరే నిలబడ్డాడు. మలుపులో క్రేన్ చప్పుడు వినగానే పాస్టరయ్య కళ్లు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు.

"తండ్రీ, ఈ వాహనమునకు ఏ ప్రమాదమూ కలుగకుండ కాపాడుము..." అంటూ కళ్లు తెరిచాడు. క్రేన్ కొక్కేనికి ముక్కులేని కారు వేలాడుతోంది. నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డు మాత్రం చెక్కుచెదరలేదు. పాస్టరయ్య గొంతు సవరించుకుని, "...ఇకమీదట" అని చేర్చి ఆమెన్ అన్నాడు.

గల్లీ మొత్తం రాహేలు వైపు చూసింది. ఆమె చేతిలోని దండ అలాగే ఉండిపోయింది. ఎల్లేష్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. సరిగ్గా అప్పుడే ఆగయ్య స్కూటర్ దిగాడు. కారును చూసి అతని ముఖం మారిపోయింది.

"గిది ఈడికెట్లొచ్చింది?"

"వేలంల గెలిచిన మామా. ఇర్వై ఏడు నంబర్ గాడెవడో, దిమాక్ లేనోడు, ఆఖరి దాకా ఇడువలే!"

ఆగయ్య తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "నలభై ఒకటి నువ్వా?"

"నీకెట్ల తెల్సు?"

"ఆ దిమాక్ లేనోణ్ని నేనే గనక."

ఇద్దరూ కలిసి యాసీన్ భాయ్ వైపు తిరిగారు. "దో దో కస్టమర్ థే భాయ్, మై కైకూ బోల్నా?" అని, పక్కపక్క గదుల్లోని ఇద్దరు గిరాకీల గుట్టు తానెందుకు విప్పాలన్నట్టు, అతను చేతిలో లడ్డూతోనే వెనక్కి జరిగాడు.

"నువ్వెందుకు పాడినవ్ బాపు? మునుగుతది అని నువ్వే అంటివి గదా!" అంది రాహేలు.

"మునుగుతదనే పాడిన. బండ్లు ఎవ్వలు కొనకుంటే కంపెనీ పోతది, నీ స్కూటీ పైసల్ పోతయి. జర ధర లేపుదామనుకున్న బిడ్డా. ఈడెవడో పోటీకొచ్చిండు."

రాహేలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, మరుక్షణం పకపకా నవ్వింది. తన కోసం ఇంత తెలివితక్కువ పని ఇద్దరు మగవాళ్లు ఒకేసారి చేశారంటే ఆమెకు కోపంకంటే గర్వమే ఎక్కువైంది. దండ తీసుకెళ్లి బోర్డుకు వేసింది.

"తాళం నాది. బాపూ, నువ్వు బాగు చెయ్యి. డ్రైవింగ్ గూడ నువ్వే నేర్పు."

ఆగయ్య పాత బళ్లలోంచి బానెట్టు, రేడియేటరు, దీపాలు తెచ్చి బిగించాడు. సంక్రాంతి దాటేసరికి కారు కదిలింది. అందులోనే నేర్చుకుని, ఉగాదికల్లా రాహేలు లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆ వారమే పునర్జన్మ నుంచి ఉత్తరం వచ్చింది. పాతబస్తీ ఖాతాదారుల అపూర్వమైన ఉత్సాహం వల్ల ఓ డ్రైవింగ్ స్కూలు కారు రికార్డు ధర పలికిందనీ, ఇది కంపెనీ భవిష్యత్తుకు శుభసూచకమనీ అందులో రాశారు. ఎల్లేష్ దాన్ని కూడా లామినేషన్ చేయించాడు.

ఇప్పుడు రోజూ రాహేలు కారు నడుపుతుంది. డ్రైవింగ్ మాస్టారు కూర్చునే ఎడమ సీట్లో, అక్కడున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని ఎల్లేష్ కూర్చుంటాడు. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఎర్రదీపం పడగానే గట్టిగా తొక్కుతాడు. కారు ఆగుతుంది.

"ఎట్ల ఆపిన్నో చూసినవా?" అంటాడు.

"చూసిన" అంటుంది రాహేలు.

కూతురి మాట మీద ఆగయ్య ఆ పెడల్‌ను లైసెన్సు వచ్చిన రోజే ఊడదీసి, దేనికీ తగిలించకుండా మళ్లీ బిగించాడన్న సంగతి ఓనరుకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.