పై అరలోని సబ్బు

మనిషి చేతులు కడుక్కోవడం నేర్చిన రోజున నాగరికత మొదలైందంటారు. అది సగం నిజమే. కడుక్కునే ముందు ఆ సబ్బుకు అనుమతి ఉందో లేదో కనుక్కోవాలని ఎవరికి మొదట తోచిందో, అసలు నాగరికత వారితో మొదలైంది. ఆ మహానుభావుల వారసులు ఇవాళ మా ఊళ్లో శరీర శుభ్రతా సాధనాల ఆమోద కార్యాలయంలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నారు. (ఫ్యాను తిరగదు. దాని ఫైలు మరో కార్యాలయంలో ఉంది.)

ఈ కార్యాలయంతో నాకు సొంతంగా పేచీ ఏమీ లేదు. నేను సబ్బు చేసి ఎరగను, వాడడంలో కూడా పొదుపరినని ఇంట్లోవాళ్లు అంటుంటారు. పేచీ మా వదినది. అన్నయ్య కూతురికి చిన్నప్పుడు మోచేతుల దగ్గర చర్మం పగిలి నెత్తురు వచ్చేది. ఏ సబ్బు రాసినా పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా కేకలు పెట్టేది. చూసి చూసి విసిగిపోయిన వదిన కొబ్బరినూనె, కలబంద గుజ్జు, కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు కొలత ప్రకారం తీసుకుని వంటింట్లో తనే సబ్బు చేసింది. పిల్ల ఏడుపు మానింది. తర్వాత పక్కింటివాళ్లు అడిగారు, వాళ్ల చుట్టాలు అడిగారు. చివరికి వదిన బట్టల దుకాణంలో ఉద్యోగం మానేసి దీన్నే పనిగా పెట్టుకుంది.

అలా నా గది ఆరబెట్టే గది అయింది. నా పుస్తకాలు మంచం కిందికి వెళ్లాయి, బీరువా అరల్లోకి సబ్బులు వచ్చాయి. అచ్చులోంచి తీసిన కొత్త సబ్బు పై అరలో పెడతారు. వారానికో అర చొప్పున అది కిందికి దిగుతుంది. అట్టడుగు అరకు చేరేసరికి వాడకానికి తయారు.

"ఇన్ని వారాలు ఆగాలా వదినా?" అని అడిగాను ఒకసారి.

"కొత్త సబ్బు కోపంగా ఉంటుందయ్యా. అది చల్లబడేదాకా దాని జోలికి పోకూడదు," అంది వదిన, నా దిండు పక్కన ఇంకో పళ్లెం పెడుతూ.

వీధి చివర మందుల షాపాయన ఈ సబ్బు వాడి చూసి ముచ్చటపడ్డాడు. "గుమ్మంలోకి రాగానే కనబడే అర మీకోసం ఖాళీగా ఉంచానమ్మా. కాకపోతే అనుమతి కాగితం లేకుండా పెడితే నా షాపుకు తాళం పడుతుంది. నెలాఖరుదాకా చూస్తాను. ఆ తర్వాత క్రీముల కంపెనీవాళ్లు కాచుకుని ఉన్నారు," అన్నాడు. ఆ అర దొరికితే వదిన ఉద్యోగం మానడం తెలివైన పని అనిపించుకుంటుంది. దొరక్కపోతే మళ్లీ బట్టల దుకాణమే, అదీ వాళ్లు రానిస్తే.

ఈ కాలంలో అనుమతి తెచ్చుకోవడం చాలా సులువు. ఫోనులో ఒక యాప్ ఉంటుంది. సబ్బు నురుగును ఫొటో తీసి అందులో పెట్టాలి. నురుగును ఫొటో తీయాలంటే ఒక చేత్తో ఫోను పట్టుకోవాలి, సబ్బు రుద్దడానికేమో రెండు చేతులూ కావాలి. (మూడో చేయి లేనివారు సంరక్షకుడి సంతకంతో దరఖాస్తు చేసుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది.) అన్నయ్య ఫోను పట్టుకున్నాడు. సబ్బు రుద్దిన చేతులూ ఫొటో తీసిన చేతులూ ఒకే వ్యక్తివి కావని యాప్ పసిగట్టి, వదినను స్వయంగా రమ్మంది.

కార్యాలయంలో ప్రధాన నురుగు పరిశీలకుడు అనే అధికారి ఉన్నారు. ఆయన కింద జారుడు పరిశీలకుడు, వాసన గుమాస్తా, తడి విభాగం, పొడి విభాగం ఉన్నాయి. వదిన సబ్బులు చూడగానే పరిశీలకుడుగారి నుదురు ముడిపడింది.

"ఇవన్నీ ఒకేలా లేవేంటమ్మా?"

"చేత్తో చేసినవి సార్. కొంచెం అటూ ఇటూగా ఉంటాయి."

"సబ్బులన్నీ ఒకేలా ఉండాలని నిబంధన. చేత్తో చేసినవైతే ఒకేలా ఉండకూడదని ఇంకో నిబంధన. మీరు రెండూ పాటించాలి."

"ఎలా సార్?"

"అది మా విభాగం కాదు. నమూనాలు పెట్టి వెళ్లండి, పరీక్షిస్తాం."

పరీక్ష మొదలైంది. మర్నాడే ఫోన్ వచ్చింది, నమూనాలు చాలలేదని. వదిన పంపింది. మళ్లీ ఫోన్. ఫలితం ఆశాజనకంగా ఉందనీ, కాని నిర్ధారణకు రావాలంటే ఇంకొన్ని కావాలనీ అన్నారు. వదిన మళ్లీ పంపింది. జారుడు పరిశీలకుడికి సెలవు రోజుల్లో కూడా పరీక్షించాలని ఉందట, అందుకని ఇంటికి పట్టుకెళ్లడానికి విడిగా కావాలన్నారు. వాసన గుమాస్తా భార్య కూడా శాస్త్రీయ దృక్పథం గల మనిషేనట. నా గదిలో అట్టడుగు అర ఖాళీ అయింది, దాని పైది సగమైంది. నెలాఖరు దగ్గరపడింది.

ఒకరోజు నమూనాలు ఇవ్వడానికి నేనే వెళ్లాను. వరండాలో చేతులు కడుక్కునే తొట్టి దగ్గర సిబ్బంది అంతా వరుసలో ఉన్నారు. తొట్టి మీద మా వదిన సబ్బు అరిగి పల్చగా ఉంది. నురుగు పరిశీలకుడుగారు మోచేతులదాకా రుద్దుకుంటూ, ఎన్నేళ్లుగానో వదలని దురద పదిరోజుల్లో వదిలిందని పక్కాయనకు చెబుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి వదినతో చెప్పాను.

"వదినా, నీ సబ్బు మంచిగా ఉన్నన్నాళ్లూ ఈ పరీక్ష అవ్వదు."

వదిన చేతిలోని పళ్లెం కింద పెట్టింది. "మంచిగా చేయడం తప్పా?" అంది.

మర్నాడు ఆఖరి నమూనాలంటూ మళ్లీ ఫోన్. వదిన బజారుకు వెళ్లింది. అన్నయ్యకు మోకాళ్ల నొప్పి. కింది అరలోకి వంగడం ఎందుకని, చేతికందిన పై అరలోని సబ్బులు చక్కగా కాగితంలో చుట్టి తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. అవి అంతకుముందు రోజే అచ్చులోంచి తీసినవి.

వదిన తిరిగొచ్చి పై అర చూసి గుండె బాదుకుంది. "ఏమండీ! అవి చేతికి తగిలితే మంటెత్తిపోతుందండీ!"

"సబ్బు సబ్బే కదా," అన్నాడు అన్నయ్య. (వాళ్లకు పెళ్లయి చాలా ఏళ్లయింది.)

వదిన, వెనకాల నేను, కార్యాలయానికి పరుగెత్తాం. అక్కడ టోకెన్ యంత్రం. నమూనా ఇవ్వడానికి ఒక మీట ఉంది, ఇంకోటి ఇవ్వడానికి ఒక మీట ఉంది, ఇచ్చినది వెనక్కి తీసుకోవడానికి మాత్రం లేదు. వదిన కిటికీ దగ్గరికెళ్లి, "సార్, ఆ సబ్బు ముట్టుకోకండి!" అని అరిచింది. టోకెన్ లేకుండా అరవకూడదని గుమాస్తా చెప్పాడు. అదే సమయానికి వరండాలోంచి పెద్ద కేక వినబడింది.

కాసేపటికి నురుగు పరిశీలకుడుగారు ఎర్రబడిన చేతులు ఊపుకుంటూ వచ్చారు. వదిన దణ్ణం పెట్టబోయింది.

"సార్, పొరపాటు జరిగింది, అది ఆరని సబ్బు..."

"వద్దమ్మా, ఏమీ చెప్పొద్దు. ఇంకో నమూనా మాత్రం ఇక తేవద్దు," అన్నారాయన. పరీక్షించే ఉత్సాహం ఎవరిలోనూ మిగల్లేదు. పరీక్షించేవారు లేనప్పుడు పరీక్ష పూర్తయినట్టేనని నిబంధన. సాయంత్రానికల్లా ముద్ర పడింది.

అనుమతి పత్రం అందంగా ఉంది. దరఖాస్తుదారు ఇకపై ఆఖరి నమూనాను పోలిన సబ్బు మాత్రమే అమ్మాలనీ, అంతకంటే ఆరిన, మెత్తబడిన, చర్మానికి హాయినిచ్చే రకాలు అమ్మితే నేరమనీ అందులో స్పష్టంగా రాశారు.

మందుల షాపాయన పత్రం చూసి సంతోషించాడు. "ఇంకేం, సబ్బులు పెట్టండి."

"చిన్నపిల్లలు వాడతారండీ. పెట్టను," అంది వదిన.

ఇప్పుడా అరలో అద్దం కట్టిన అనుమతి పత్రం ఒక్కటే ఉంది, అదీ నెలాఖరుదాకా. సబ్బులు మా ఇంటి వెనక తలుపు దగ్గర, తెలిసినవారికి మాత్రం, దొంగ సరుకులా అమ్ముడుపోతున్నాయి. వదిన బట్టల దుకాణం యజమానికి ఫోన్ చేయాలా వద్దా అని రోజూ ఆలోచిస్తోంది.

మొన్న మసకచీకట్లో వెనక తలుపు ఎవరో తట్టారు. తీస్తే నురుగు పరిశీలకుడుగారు. దురద తిరగబెట్టినట్టుంది, మాట్లాడుతున్నంతసేపూ గోక్కుంటూనే ఉన్నారు.

"ఆ పాత సబ్బు ఉందామ్మా?"

"అది అనుమతి లేనిది సార్. అమ్మితే నేరం," అంది వదిన.

"తెలుసమ్మా. అందుకే వెనకనుంచి వచ్చాను."

వదిన ఆయన మోచేతుల వంక చూసింది. నేనైతే తలుపు వేసేవాణ్ణి. ఆమె లోపలికి వచ్చి, నా గదిలో అట్టడుగు అరకు వంగి, ఒక సబ్బు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని వాసన చూసి, జేబులో దాచుకుని, గొంతు తగ్గించారు. "ఎవరికీ చెప్పకండమ్మా. మా తనిఖీ విభాగానికి తెలిస్తే మీ సబ్బులన్నీ పట్టుకుపోతారు."

"ఆ విభాగం ఎవరు చూస్తారు సార్?"

"నేనేనమ్మా. రేపు ఉదయం వస్తున్నాను."