ఉయ్యాలబల్ల మీద రంగూను

1926 మాఘమాసంలో నర్సీపట్నం ప్లీడరు యాజులుగారు సొంత తెరచాప పడవ కొని రంగూను దాకా వెళ్లిరావాలని తీర్మానించారు. సముద్రం పాతిక మైళ్ల పైచిలుకు దూరంలో ఉందన్న చిన్న ఇబ్బందిని ఎవరూ ఆయన దృష్టికి తేలేదు. ప్లీడరుతో వాదించేదెవరు?

ఆయన భార్య లలితాంబగారు మాత్రం అడ్డుపడ్డారు. ఆవిడ పుట్టింటివారిచ్చిన చెరుకుపొలం అమ్మితే గాని పడవ రాదు మరి.

"ముందర అనుభవం సంపాదించండి. తరవాతే పొలం మాట," అన్నారావిడ.

సబబే. కాని సముద్రం మీదికి వెళ్తే శాస్త్రప్రకారం ప్రాయశ్చిత్తం తప్పదు. రంగూను ప్రయాణానికైతే ఒకసారి చేసుకోవచ్చు, అభ్యాసానికి కూడా అంటే దండగ. పండితులు మూడు రోజులు తాటాకులు తిరగేసి, సముద్రయానం దోషమే గాని అనుభవం దోషమని ఎక్కడా లేదని తేల్చారు. యాజులుగారు వెంటనే చావడిలో ఉయ్యాలబల్ల ఎక్కారు.

లలితాంబగారి పట్టుచీర తెరచాప అయింది. యాజులుగారి వదినగారు వర్ధనమ్మ రెండు విసనకర్రలతో నైరుతి గాలి వీచారు. తుఫాను నిమిత్తం నలుగురు కక్షిదారులు బల్ల ఊపగా, అయిదోవాడు బిందెలతో ఉప్పునీళ్లు గుమ్మరించాడు. వాళ్ల దావాలు కొంచెం వాయిదా పడ్డాయి. పదకొండో రోజున యాజులుగారికి అచ్చం ఓడ ఎక్కినవాళ్లకు లాగే వాంతి అయింది. వీధి వీధంతా ఆనందించింది.

మర్నాడు సభ చేసి శాలువా కప్పారు. "ఇంగ్లీషువారు నీళ్లుండబట్టి నావికులయ్యారు. నీళ్లు లేకుండా అయినవారు మన యాజులుగారొక్కరే," అన్నారు హెడ్మాస్టరు సోమసుందరంగారు. అనుభవపత్రం ఒకటి రాసి, దాని కింద పెద్దలందరూ సంతకాలు చేశారు. ఇక లలితాంబగారు కాదనలేకపోయారు. పొలానికి బేరం కుదిరింది.

యాజులుగారు పత్రం చంకన పెట్టుకుని రాయవరం మీదుగా తీరం చేరారు. కొనదలచిన పడవ గంగులుది. ముప్పై ఏళ్లుగా చేపల వేట చేస్తున్నవాడు.

"ఓపాలి ఎక్కి సూడండి బాబూ," అన్నాడతను.

యాజులుగారు సముద్రాన్ని చూడడం అదే మొదలు. అది ఊగుతూనే ఉంది. ఆపమని చెప్పడానికి కక్షిదారులెవరూ లేరు. ఆయనకు నిజంగా భయం వేసింది, సముద్రం వల్ల కొంత, శాలువా వల్ల ఎక్కువ. చప్పున గొంతు సవరించుకున్నారు.

"నీకు అనుభవపత్రం ఉందా?"

"ఏటి పత్రం బాబూ? పుట్టినకాడ్నించీ దీని మీదే ఉన్నాను."

"అయితే నీ పడవ క్షేమం కాదు," అని యాజులుగారు బండెక్కారు. పొలం దక్కింది. లలితాంబగారు పరమాన్నం వండారు.

అనుభవం లేనివాళ్లు పడవలు నడుపుతున్నారని ఫిర్యాదు చేస్తూ యాజులుగారు కలెక్టరు దొరగారికి పంపిన మహజరు మీద పెద్దలందరూ మళ్లీ సంతకాలు చేశారు. పత్రం లేనిదే పడవ నీళ్లలో దింపరాదని ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు గంగులు వారం వారం నర్సీపట్నం నడిచి వచ్చి ఉయ్యాలబల్ల ఎక్కుతున్నాడు. ఇంకా వాంతి కాలేదు గనుక పత్రం ఇవ్వలేదు. వేట లేక అతని ఇంటి దగ్గర పిల్లలు గంజి తాగుతున్నారు.

తమరు నవ్వుతున్నారు. మంచిదే. ఆ మహజరులో మూడో సంతకం తమరిదే.