ఐదో శిలాఫలకం

ఒక శాసనసభ్యుడు సొంత నియోజకవర్గంలో చేతులు జోడించి, "నన్ను ఏదో ఒకటి అడగండి" అని ప్రజలను బతిమాలుకోవలసి రావడం రాష్ట్ర చరిత్రలో ఇదే మొదటిసారి. ఆ ఘనత మన పెంచలప్రసాద్ గారికి దక్కింది. పొరుగు నియోజకవర్గాల వాళ్లు లేనిపోని కథలు అల్లకముందే, ఆ పది రోజుల్లో జరిగింది జరిగినట్టు చెప్పడం అవసరం.

సోమవారం ఆయన అసెంబ్లీలో చట్టాలు చేశారు. చట్టం చేయడం బయటివాళ్లు అనుకునేంత తేలిక కాదు. సభాపతి గారు బిల్లు పేరు చదివి, "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి" అంటారు. అప్పుడు అవుననాలి. బల్ల చరచాలి. రెండూ ఒకేసారి జరగాలి. కొత్త సభ్యులు ముందు బల్ల చరిచి, తర్వాత అవునంటారు, చూడడానికి బాగుండదు. పెంచలప్రసాద్ గారు రెండోసారి గెలిచిన మనిషి. ఫోన్‌లో తన పుట్టినరోజు ఫ్లెక్సీల నమూనాలు చూసుకుంటూ, తల ఎత్తకుండానే గొంతునూ అరచేతినీ ఒకే క్షణంలో మోగించగలరు. ఆ మధ్యాహ్నం టీ వచ్చేలోపు ఆయన రాష్ట్రానికి చాలా చట్టాలు ప్రసాదించారు. వాటిలో ఒకటి, ఊళ్లలో పెద్దలు కూర్చుని సొంత కట్టుబాట్లు విధించడాన్ని నిషేధించే చట్టం. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. ఆయన పెట్టుకోలేదు.

మంగళవారం సముద్రపు కోత మీద ప్రసంగించారు.

"అధ్యక్షా! మా తీరంలో సముద్రం రోజురోజుకూ ముందుకొస్తోంది. మన నాయకుడి సారథ్యంలో రాష్ట్రం కూడా రోజురోజుకూ ముందుకుపోతోంది. ఈ రెండూ త్వరలోనే ఒకచోట కలుసుకుంటాయని గర్వంగా మనవి చేస్తున్నాను అధ్యక్షా!"

బల్లలు మోగాయి. సముద్రాన్ని ఏం చేయాలన్నది సమయాభావం వల్ల చెప్పలేకపోయారు. బుధవారం ప్రతిపక్షం అలిగి వెళ్లిపోయింది, అధికారపక్షం భోజనానికి వెళ్లిపోయింది, సభ నిరవధికంగా వాయిదా పడింది.

గురువారం నియోజకవర్గంలో ప్రజలను కలిశారు. గృహప్రవేశాలు, చెవులు కుట్టే పండగలు, పెళ్లిళ్లు. ఒక కల్యాణ మండపంలో తొందరలో ఫొటోగ్రాఫర్ నెత్తిన అక్షింతలు వేసి, నిండు నూరేళ్లు కాపురం చేసుకోమని దీవించారు. ఆ కుర్రాడు కాళ్లకు దండం పెట్టాడు. ఎవరూ నొచ్చుకోలేదు.

అసలు కథ శుక్రవారం పొద్దున పార్టీ ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్‌తో మొదలైంది. ఆదివారం మంత్రివర్గ విస్తరణ. జిల్లా నుంచి పెంచలప్రసాద్ గారి పేరు పరిశీలనలో ఉంది. అయితే పార్టీ యాప్‌లో ఆయన నియోజకవర్గం మొత్తం పచ్చగా మారాలి. ఒక ఊరి నుంచి అర్జీ తీసుకుంటూ ఫొటో దిగి ఎక్కిస్తే ఆ ఊరు పచ్చబడుతుంది. అర్జీ తీరిందా లేదా అన్న గడి ఆ యాప్‌లో లేదు. ఉంటే యాప్ బరువెక్కి ఫోన్లు పేలిపోతాయని నిపుణులు ముందే హెచ్చరించారు.

పెంచలప్రసాద్ గారు యాప్ తెరిచారు. అంతా వరిపైరులా పచ్చగా ఉంది. వాకాడు వైపు, సముద్రానికీ బకింగ్‌హామ్ కాలువకూ మధ్య మాత్రం ఒక ఎర్రచుక్క మొటిమలా మెరుస్తోంది. నడిదిబ్బపాలెం.

"ఆ పాలెంలో దురాయి పెట్టుకోనుండారు సార్," అన్నాడు పీఏ సుధాకర్, తప్పు తనదే అన్నట్టు.

"దురాయి అంటే?"

"ఊరి పెద్దలు, కాపులంటారు, కూర్చోని ఒక మాట అనుకుంటారు సార్. ఇంక దాన్ని ఎవురూ దాటరు. దాటినోడితో ఊరు మాట్లాడదు, వాడి పడవకి చెయ్యెయ్యదు. ఈసారి దురాయి ఏందంటే... మిమ్మల్ని ఎవురూ ఏమీ అడక్కూడదని."

"తిట్టమన్నారా?"

"లేదు సార్. మర్యాదగా చూసుకోమన్నారు. అడగొద్దన్నారు, అంతే."

పెంచలప్రసాద్ గారు ఇన్నేళ్లలో చాలామందిని చూశారు. తిట్టేవాళ్లను చూశారు. నల్లజెండాలు చూశారు. ఒకసారి కోడిగుడ్డు కూడా చూశారు, బాగా దగ్గరగా. వాళ్లందరికీ ఏదో ఒకటి కావాలి కాబట్టి భయం వేయలేదు. ఏమీ అడగనివాణ్ణి ఏం చేయాలో రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు.

శనివారం ఉదయమే పడవలో కాలువ దాటారు. అవతలి గట్టు మీద నాలుగు శిలాఫలకాలు వరసగా నిలబడి స్వాగతం పలికాయి. నాలుగూ ఆ కాలువ మీద కట్టబోయే వంతెనవే. వేరువేరు ప్రభుత్వాలవి. రెండింటి మీద పెంచలప్రసాద్ గారి పేరుంది. ఒకటి పక్కకు ఒరిగి పడుకునుంది. దాని మీద ఒకామె చేపలు ఆరబోస్తోంది.

"కామమ్మ సార్," అని సుధాకర్ చెవిలో ఊదాడు.

"ఏం కామమ్మా, బాగుండావా! ఏం కావాల్నో చెప్పు!"

"బాగుండాం సామీ. ఏం వద్దు."

"నీళ్లు?"

"వస్తా ఉండాయి."

"ఉప్పగా ఉండవా?"

"ఉప్పగానే ఉండాయి. మాకు ఉప్పంటే ఇష్టం."

"పోనీ వంతెన?"

కామమ్మ గుప్పెడు నెత్తళ్ల చేపలు తిరగేసింది. "ఇవుగో, నాలుగుండాయి గదయ్యా. నున్నగా భలే ఉండాయి. మీ పేరుండే రాయి మీదైతే చేప ఇంకా బిన్నా ఎండతాది. నల్లరాయి గదా, బాగా కాలతాది."

పెంచలప్రసాద్ గారు చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నారు. ఇంకో ఇద్దరిని అడిగారు. ఒకరు మజ్జిగ ఇచ్చారు, ఒకరు కుర్చీ వేశారు. అర్జీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు. చివరకు వల అల్లుకుంటున్న పెద్దకాపు గంగులయ్య ముందు నిలబడి, ఓట్లప్పుడు కూడా వంచనంత కిందికి నడుం వంచారు.

"పెద్దాయనా, ఒక్క అర్జీ. చిన్నదైనా పర్లేదు."

"దాందేముంది సామీ," అన్నాడు గంగులయ్య వల పక్కన పెట్టి. "దురాయి తియ్యాలంటే ఊరు కూర్చోవాల. కూర్చోబెడతాం. మీరూ కూర్చోండి."

ఊరు కూర్చుంది. బోర్లించిన పడవ పక్కన కుర్చీలో పెంచలప్రసాద్ గారు కూర్చున్నారు. గంగులయ్య లేచి మొదలుపెట్టాడు.

"పాత దురాయి తీసేస్తాం. దాని బదులు కొత్తది. కాలవ మీద వంతెన లేచిందాకా ఇంకో రాయి ఈ గట్టుకి రాకూడదు. ఎవురూ మొయ్యకూడదు, ఎవురూ నాటకూడదు. ఇక్కడ కూర్చున్నోళ్లందరికీ ఇదే మాట..."

సరిగ్గా ఆ సమయంలో పెంచలప్రసాద్ గారి ఫోన్‌కు ప్రమాణ స్వీకారానికి పట్టుపంచెల ఫొటోలు వచ్చాయి. మావిడిపిందెల అంచా, నెమలి అంచా? దేశభక్తి దృష్ట్యా నెమలి మంచిదనిపిస్తోంది. గంగులయ్య ఇంకా ఏదో చెబుతున్నాడు. ఆయన చెవిలో పడింది చివరి ముక్క ఒక్కటే.

"...ఒప్పుకునేవాళ్లు అవుననండి."

"అవును!"

గొంతూ అరచెయ్యీ ఒకే క్షణంలో మోగాయి. బల్ల లేదు కాబట్టి దెబ్బ పడవ మీద పడింది. ఊరంతా ఉలిక్కిపడి, కాస్త ఆలస్యంగా తామూ అవునంది.

"అందరికంటే ముందు ఈయనే అన్న్యాడే!" కామమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మన మనిషే అయిపోయినాడమ్మా!"

గంగులయ్య మాట ప్రకారం కాగితం తెప్పించి 'వంతెన కావలెను' అని రాయించి ఇచ్చాడు. ఫొటో దిగారు. ఎర్రచుక్క పచ్చబడింది. తిరుగు పడవలో సుధాకర్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీరు దేనికి అవునన్నారో తెలుసునా?"

విన్నాక పెంచలప్రసాద్ గారు పడవ ఊగేలా నవ్వారు. "నేను కొట్టింది పడవనయ్యా, బల్లని కాదు గదా!"

ఆదివారం నెమలి అంచు పంచెలో ప్రమాణం చేశారు. వంతెనలు, కల్వర్టుల శాఖ. మంత్రిగా మొదటి కార్యక్రమం ఏమిటో వేరే చెప్పాలా? నడిదిబ్బపాలెం వంతెనకు శంకుస్థాపన. సిద్ధాంతి బుధవారం పదకొండు గంటల ముహూర్తం పెట్టి, మొదటి రాయి ఆ రోజే నాటకపోతే పదవి ఏడాది నిలవదని ఖచ్చితంగా చెప్పాడు.

బుధవారం కాలువ గట్టుకు లారీలో రాయి చేరింది. పాత వాటికంటే పెద్దది, పేరు బంగారు రంగులో ఉంది. వెనక కార్లు, పోలీసులు, బ్యాండు మేళం. కాలువలో పడవలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ముందు పడవలో గంగులయ్య గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రాండి సామీ, మీరెక్కండి. మీ వాళ్లంతా ఎక్కండి. రాయి మాత్రం రాకూడదు."

"ఏ చట్టం ప్రకారం?" అని గర్జించారు మంత్రి గారు.

"మీరు అవునన్న చట్టమే."

సుధాకర్ పరుగున వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. మంత్రి గారి ముఖం వెలిగిపోయింది. ఆయన కారు మెట్టెక్కి నిలబడ్డారు. "దురాయిలు రద్దయిపోయినాయి! చెల్లవు! స్వయంగా నేనే చట్టం చేసినాను!"

"ఎప్పుడు సామీ?" అవతలి గట్టు నుంచి కామమ్మ కేకేసింది.

"పోయిన సోమవారం!"

"ఏం రాసుండాది దాంట్లో?"

మంత్రి గారు సుధాకర్ వైపు చూశారు. సుధాకర్ సీఐ వైపు చూశాడు. చట్టానికి నియమావళి ఇంకా తయారు కాలేదని, అయ్యేదాకా దాన్ని ఎవరి మీదా ప్రయోగించలేమని సీఐ ఆకాశానికి విన్నవించుకున్నాడు.

"సోమవారం ఒకదానికి అవునంటివి, శనివారం ఒకదానికి అవునంటివి," అంది కామమ్మ. "మాకు శనివారంది ఇనబడింది సామీ. సోమవారంది ఇనబళ్లా."

పది నలభై అయింది. ఇవతలి గట్టు అటవీ శాఖది, అక్కడ గుంట తవ్వాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. రాయి అవతలికి చేరాలంటే వంతెన ఉండాలి. వంతెన రావాలంటే ముందు రాయి పడాలి. ఈ సాంకేతిక సమస్యపై ఒక కమిటీ వేయవచ్చని ఇంజనీరు సూచించాడు. పెంచలప్రసాద్ గారికి ఇంజనీరు కనిపించడం లేదు. పోబోయే పదవి కనిపిస్తోంది. సిద్ధాంతికి ఫోన్ కలిపారు. సాయంత్రం ఇంకో ముహూర్తం దొరికింది. ఇంకో గట్టు దొరకలేదు.

"లారీ తిప్పండి," అన్నారు మంత్రి గారు.

ఆ సాయంత్రం పాలేనికి ఎంతో దూరంలో, కొడవలూరు దాటాక హైవే పక్కన, పొలాల మధ్య షామియానా లేచింది. ముందు వరసల్లో ఉద్యోగులు, వ్యాపారులు, లెక్చరర్లు, పట్టణ ప్రముఖులు. కనుచూపు మేర వరి తప్ప వేరేమీ లేదు. ఆ వరిలో 'నడిదిబ్బపాలెం వంతెనకు శంకుస్థాపన' అని బంగారు అక్షరాలున్న రాయి నిటారుగా నిలబడింది. మంత్రి గారు కొబ్బరికాయ కొట్టి మైకు అందుకున్నారు.

"ఇక్కడ కాలువ లేదని గిట్టనివాళ్లు అనొచ్చు. నేనడుగుతున్నాను, కాలువ ఉన్నచోట ఎవడైనా వంతెన కడతాడు! ముందు వంతెన రానివ్వండి, కాలువ దానంతటదే వస్తుంది. అవునా, కాదా?"

"అవును!" అన్నారు వేలమంది. గొంతులూ చేతులూ ఒకే క్షణంలో మోగాయి. అంత చక్కటి ఏకీభావం అసెంబ్లీలో కూడా ఎన్నడూ కుదరలేదు. ఆ సభలో దురాయి లేదు. ఏం కావాలన్నా అడిగే స్వేచ్ఛ అందరికీ ఉంది. కాలువ ఎక్కడని ఒక్కరూ అడగలేదు.

ఆ సభ వీడియో ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంది. మంత్రి గారు ప్రశ్న పూర్తి చేయకముందే మూడో వరసలో ఒకరు లేచి, చెయ్యెత్తి, అందరికంటే ముందు అవునంటారు. ఆపి, కాస్త పెద్దది చేసి చూడండి. ఆ ముఖం మీకు బాగా తెలిసిందే. రోజూ పొద్దున అద్దంలో కనిపిస్తుంది.