కోడి కడుపు చల్లగా!

వచ్చే జన్మంటూ ఉంటే నేను బ్రాయిలర్ కోడిగానే పుడతాను. పుట్టి తీరతాను!

చివరికి మెడ కోస్తారు కదా అంటారా? కోయనివ్వండి. అంతదాకా నా పేగులు ఎలా ఉన్నాయని పొద్దున్నే వాకబు చేసే మనిషి ఒకడుంటాడు. మీకున్నాడా?

మా బావ ఇంటి వెనకాలే కోళ్ల షెడ్డు నడుపుతున్నాడు. ఆమధ్య మేత డీలరు వచ్చి ప్రోబయోటిక్ పొడి డబ్బా చేతిలో పెట్టాడు. "పేగుల్లో మంచి బ్యాక్టీరియా చేరితే తిన్నది ఒంటికి పడుతుంది సార్, బరువు దానంతటదే పెరుగుతుంది" అన్నాడు. ఆ క్షణంలో బావకి జ్ఞానోదయమైంది. ఇప్పుడు భోజనానికి కూర్చుంటే చాలు, "ఇవాళ రెట్ట ఎంత గట్టిగా ఉందో తెలుసా!" అని మురిసిపోతాడు. మేం ముద్ద మింగలేక, కక్కలేక మురిసిపోతాం.

షెడ్డులోకి వెళ్లాలంటే మందునీళ్లలో కాళ్లు తడుపుకోవాలి. గొంతు తగ్గించాలి. "నెమ్మదిగా మాట్లాడవయ్యా, బెదిరితే మేత మానేస్తాయి" అంటాడు. ఆహా, ఏం సౌమ్యత! అదే మనిషి తువ్వాలు కనపడకపోతే అక్క మీద వేసే కేకలకి వీధి చివర కుక్క నిద్రలేస్తుంది. ప్రేమంతా షెడ్డులోనే ఖర్చయిపోతే ఇంటికేం మిగులుతుంది చెప్పండి?

అక్కకి కొన్ని వారాలుగా తిన్నది ఇమడడం లేదు. జాకెట్లు వదులైపోయాయి. డాక్టరుకి చూపించమంటే, "ఈ బ్యాచ్ కోళ్లని లారీకెత్తనీ" అన్నాడు బావ. ఎత్తారు. "కొత్త పిల్లలు దిగుతున్నాయి కదే, ఎలా కదిలేది?" అన్నాడు. నిజమే! కోడిపిల్లలకి తొలివారమే కీలకం. అక్కలకీ అలాంటి వారాలుంటాయని ఏ డీలరూ చెప్పలేదు.

నిన్న భోజనాల దగ్గర అక్క మెల్లగా అంది.

"ఏవండీ, ఒకటి మేత సరిగ్గా ముట్టడం లేదు. ముట్టినా ఇమడడం లేదు. బరువు బాగా తగ్గిపోయింది."

బావ ఎంగిలి చేత్తోనే లేచాడు. "ఏ వైపు? తలుపు దగ్గరా, ఆ మూలా? ఇప్పటిదాకా చెప్పవేం! పశువుల డాక్టరుకి ఫోన్ కొట్టు!"

"షెడ్డులో కాదండీ. వంటింట్లో."

బావ ఆమె వైపు చూశాడు.

"అమ్మయ్య! హడలగొట్టావు కదే" అని కూర్చుని పెరుగు కలుపుకున్నాడు.

ఇవాళ అక్కని నేనే ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. బావ వద్దనలేదు, మంచివాడు. బండి షెడ్డు దాటేదాకా హారన్ మాత్రం కొట్టొద్దన్నాడు. కోళ్లు బెదురుతాయట!